గండికోట చూడాలంటే జమ్మలమడుగులో దిగండి

కడప జిల్లాలో పెన్న లోయ అంచున ఉన్న గండికోటకు వెళ్ళేవాళ్ళలో చాలామంది ప్రయాణం ఒకే తీరుగా ఉంటుంది. శుక్రవారం రాత్రి బెంగళూరులోనో హైదరాబాదులోనో కారెక్కుతారు. తెల్లారేసరికి లోయ అంచున నిలబడతారు. ఫొటోలు దిగుతారు. పదకొండింటికల్లా ఎండ నెత్తికెక్కుతుంది, నిద్ర కళ్ళమీదికొస్తుంది, ఇంటిదారి పడతారు. పదిహేను కిలోమీటర్ల అవతల పెన్న ఒడ్డున ఉన్న జమ్మలమడుగు వాళ్ళకు టీ తాగడానికి ఆగిన ఊరు, అంతే.

ఈ పద్ధతిలో లోయ కనిపిస్తుంది గానీ అక్కడికి వెళ్ళొచ్చిన తృప్తి ఉండదు. గండికోటలో పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు చాలా బాగుంటాయి. నడిమధ్యాహ్నం అక్కడ ఉండటం శిక్షే. అందుకని జమ్మలమడుగులో రెండు రాత్రులు బస పెట్టుకుని, కోటకు చల్లటి వేళల్లో వెళ్ళొస్తూ, మిగతా సమయం చుట్టుపక్కల తిరగమని నా సలహా. ఆ ప్రయాణాన్ని ఎలా కుదుర్చుకోవాలో వరసగా చెబుతాను.

1. ముందు నెల చూసుకోండి

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి కాలం. మార్చి దాటితే వద్దు. ఏప్రిల్, మే నెలల్లో కడప జిల్లాలో 42, 43 డిగ్రీలు మామూలే. కోట మీద నీడనిచ్చే చెట్లు తక్కువ, ఉన్నదంతా రాయి. పగలంతా కాగిన ఆ రాయి రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతూనే ఉంటుంది.

నీళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది నిరాశపడేది ఇక్కడే. పెన్న కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం ప్రాంతం దాటి, ఎర్రమల కొండల్ని కోసుకుంటూ ఇక్కడికొస్తుంది. సహజంగా అది ఏడాదిలో చాలా నెలలు ఇసుక మాత్రమే కనిపించే నది. మరి గండికోట లోయలో నీళ్ళెలా ఉంటున్నాయి? అక్కడ 26.85 టీఎంసీల గండికోట రిజర్వాయరు ఉంది, దిగువన మైలవరం డ్యామ్ ఉంది. గాలేరు-నగరి పథకం కింద శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్ళు అవుకు మీదుగా గండికోటకు చేరతాయి. అంటే పెన్న లోయలో మీరు చూసే నీళ్ళలో కృష్ణమ్మ వాటా కూడా ఉంటుంది. లోయలో నీటిమట్టం వానను బట్టే కాదు, ఎక్కడ ఎంత నింపారు, ఎంత వదిలారు అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ఫొటోల్లో చూసిన పచ్చటి నిండు నీళ్ళు మీరు వెళ్ళిన రోజున ఉండకపోవచ్చు. వరద వచ్చిన కొత్తలో అయితే నీళ్ళు ఎర్రమట్టి రంగులో ఉంటాయి. శ్రీశైలం నిండిన ఏడాది, వరదలు తగ్గిన రెండు మూడు నెలలకు వెళ్తే మంచి నీటిమట్టం దొరికే అవకాశం ఎక్కువ.

శీతాకాలంలో వెళ్తే ఇంకో లాభం. ఈ ప్రాంతం పాత పేరు రేనాడు, ఇది నల్లరేగడి నేల. అప్పుడు దారికి రెండు వైపులా శనగ చేలు పచ్చగా ఉంటాయి.

శని, ఆదివారాలు తప్పించగలిగితే తప్పించండి. సంక్రాంతి సెలవులు, జనవరి ఒకటి, గండికోట ఉత్సవాలు జరిగే రోజులు అసలే వద్దు. లోయ అంచున నిలబడటానికి వరస కట్టాల్సి వస్తుంది. రాత్రి నక్షత్రాలు చూడాలని ఉంటే అమావాస్యకు అటూ ఇటూ రోజులు ఎంచుకోండి.

2. ఊరు చేరడం

రైల్లో వచ్చేవాళ్ళకు ముద్దనూరు స్టేషను దగ్గర. గుంతకల్లు – రేణిగుంట లైను మీద ఉంటుంది కాబట్టి ముంబయి, చెన్నై వైపు బళ్ళు ఈ దారినే పోతాయి. అన్నీ అక్కడ ఆగవు. ఆగనివాటికి ఎర్రగుంట్ల జంక్షన్ చూడండి. రెండు చోట్ల నుంచీ జమ్మలమడుగుకు బస్సులుంటాయి. జమ్మలమడుగుకు సొంత స్టేషను కూడా ఉంది, నంద్యాల – ఎర్రగుంట్ల లైను మీద. 2016లో ఈ లైను పూర్తిగా తెరుచుకుంది. బనగానపల్లె, కోవెలకుంట్ల, సంజామల, నొస్సం మీదుగా పొలాల మధ్య సాగే దారి. రైళ్ళు మాత్రం తక్కువ, వాటి టైము మీకు కలిసొస్తేనే నమ్ముకోండి.

బెంగళూరు నుంచి కారులో సుమారు 280 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఇంకో వంద కలుపుకోవాలి. కర్నూలు దాటి నంద్యాల వైపు తిరిగి, బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా రావచ్చు. ఆ దారిలో రాత్రిపూట నాపరాళ్ళ లారీలు, సిమెంటు లారీలు ఎక్కువ. రాత్రంతా డ్రైవ్ చేసి తెల్లారేసరికి చేరుకుందాం అనే ఆలోచన నాకు నచ్చకపోవడానికి ఇదో కారణం. పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి చేరండి.

విమానంలో వచ్చేవాళ్ళకు కడప విమానాశ్రయం ఉంది. సర్వీసులు కొన్నే.

ఆర్టీసీ బస్సు దిగగానే కోటకు వెళ్ళే బస్సు టైములు అక్కడి కంట్రోలర్‌నే అడిగి రాసుకోండి. రోజుకు కొన్ని ట్రిప్పులే ఉంటాయి, అవి ఊరివాళ్ళ అవసరాలకు తగ్గట్టు నడుస్తాయి గానీ సూర్యోదయం కోసం కాదు. తెల్లవారుజామున వెళ్ళాలంటే ఆటోనో కారో ముందురోజే మాట్లాడుకోవాలి.

3. బస ఎక్కడ

జమ్మలమడుగులో లాడ్జీలున్నాయి. పెద్ద హోటళ్ళు ఆశించకండి. గది చూసి, బాత్‌రూమ్‌లో నీళ్ళు తిప్పి చూసి, వేడినీళ్ళు ఏ టైముకు వస్తాయో అడిగి మరీ అడ్వాన్స్ ఇవ్వండి. ఇంకొంచెం సౌకర్యం కావాలంటే 20 కిలోమీటర్ల దూరంలో ప్రొద్దుటూరు ఉంది. అది పెద్ద ఊరు, బంగారం, బట్టల వ్యాపారానికి పేరు మోసింది, గదులూ ఎక్కువే.

కోట దగ్గరే ఉండాలనుకుంటే పర్యాటక శాఖ వాళ్ళ హరిత హోటల్ ఉంది. వారాంతాలకు ముందే బుక్ చేసుకోవాలి, అక్కడికెళ్ళి చూద్దాం అంటే కుదరదు. ప్రైవేటు రిసార్టులూ, టెంట్లు అద్దెకిచ్చేవాళ్ళూ ఉన్నారు. ముసలివాళ్ళు, చిన్నపిల్లలు వెంట ఉంటే నా ఓటు ఊళ్ళోని లాడ్జికే. మందుల షాపు, పాలు, అర్ధరాత్రి అవసరమైతే ఆసుపత్రి, అన్నీ చేతికి అందేంత దూరంలో ఉంటాయి.

4. మొదటి సాయంత్రం కోటకు పరిగెత్తకండి

దిగిన రోజు అలసిపోయి ఉంటారు. ఆ సాయంత్రం ఊళ్ళోనే గడపండి. పెన్న ఒడ్డున నారాపుర వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, ఈ ఊరికి పెద్ద దేవుడు. బ్రహ్మోత్సవాలు వేసవిలో జరుగుతాయి కాబట్టి మీరు వెళ్ళే కాలంలో గుడి ప్రశాంతంగా ఉంటుంది. దర్శనం చేసుకుని ఏటి వైపు నడవండి. నీళ్ళుంటే ఒడ్డునే నిలబడి చూడండి, దిగొద్దు. ఇసుక తవ్విన గుంతలు పైకి కనపడవు, మోకాలి లోతు అనుకున్నచోట నిలువు లోతు ఉంటుంది.

ఊళ్ళో పాత ఇళ్ళు, అరుగులు గమనించండి. గోడకు, నేలకు, మెట్టుకు, అన్నిటికీ నాపరాయే. మన ఇళ్ళలో వంటగట్టు మీద నల్లగా ఉండే కడప బండ ఈ చుట్టుపక్కల గనుల నుంచి వచ్చేదే. రేపు కోటలో చూడబోయే రాయి ఇది కాదు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే తర్వాత పనికొస్తుంది.

బజారులో రేపటికి కావలసినవి అప్పుడే కొనుక్కోండి: మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, అరటిపళ్ళు, వేయించిన చెనిక్కాయలు, ఓఆర్‌ఎస్ పాకెట్లు. కోట దగ్గర దుకాణాలున్నా తెల్లవారుజామున తెరిచి ఉండవు. నగదు కూడా ఉంచుకోండి. ఫోన్ పే ఉందిగా అనుకుంటే, సిగ్నల్ లేనిచోట ఆటో అన్న ముందు తల గోక్కోవాలి.

ఆటో బేరం ఆ సాయంత్రమే తేల్చుకోండి. "అన్నా, రేపొద్దున నాలుగున్నరకు కోటకు పోవాల. ఆడ పదింటి దాంక ఉంటాం. రానూ పోనూ, వెయిటింగూ కలిపి ఎంత?" అని మొత్తం ఒకేసారి అడగండి. పోవడానికి ఒక రేటు, రావడానికి ఒక రేటు అని విడివిడిగా మాట్లాడితే తిరుగు ప్రయాణంలో మాట పెరుగుతుంది. నంబరు తీసుకుని పడుకునే ముందు ఒకసారి ఫోన్ చేసి గుర్తుచేయండి.

5. తెల్లవారుజామున లోయ

డిసెంబరు, జనవరిలో ఇక్కడ సూర్యుడు ఆరున్నర దాటాకే కనిపిస్తాడు. ఐదుంబావుకల్లా కోటలో ఉంటే చాలు. చలి ఉంటుంది, గాలి కూడా తోడవుతుంది, స్వెట్టర్ తప్పనిసరి. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో టార్చి ఉండాలి. ఫోన్ లైటుతో సరిపెట్టుకుంటే రెండో చేయి ఖాళీగా ఉండదు, అక్కడ రెండు చేతులూ కావాలి.

మసీదు దాటి లోయ అంచుకు వెళ్ళే దారి చివర్లో దారి కాదు, బండల గుట్ట. ఒక బండ మీద నుంచి ఇంకో బండ మీదికి కాలు సాచి ఎక్కుతూ దిగుతూ వెళ్ళాలి. చెప్పులతో, చీరకుచ్చెళ్ళతో, చంకలో పిల్లలతో ఇది చేయొద్దు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను కొంచెం వెనకే, చదునుగా ఉన్నచోట కూర్చోబెట్టండి. అక్కడి నుంచి లోయ పూర్తిగా కనపడకపోయినా తెల్లవారడం కనపడుతుంది. పడితే లేవలేనిచోటికి వాళ్ళను మొహమాటపెట్టి తీసుకెళ్ళకండి.

అంచు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. లోయ లోతు సుమారు 300 అడుగులు. అంచు పొడవునా కంచె లేదు. మంచు పడిన పొద్దుటిపూట రాయి జారుతుంది. అంచుకు రెండు మనుషుల దూరంలో ఆగిపోండి. కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చున్న ఫొటోలు నెట్‌లో బోలెడున్నాయి, అది చూసి మీరూ కూర్చోవాల్సిన పనిలేదు. వెనక్కి నడుస్తూ సెల్ఫీ తీసుకోవడం అన్నిటికంటే ప్రమాదం. గుంపులో ఎవరో ఒకరు "వద్దు" అనే బాధ్యత ముందే తీసుకోండి.

సూర్యుడు పైకొచ్చాక జనం వెంటనే లేచిపోతారు. మీరు లేవకండి. వెలుగు ముందు ఎదుటి గోడ పై అంచును తాకి, మెల్లగా కిందికి దిగుతుంది. రాతి పొరలు ఒక్కొక్కటిగా ఎర్రబడతాయి. దీన్ని చాలామంది గ్రానైట్ లోయ అంటారు, నిజానికి ఇది క్వార్ట్‌జైట్. అనగనగా ఎప్పుడో ఇసుకగా పేరుకుని, ఒత్తిడికి గట్టిపడిన రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతికి పెట్టిన పేరే గండికోట క్వార్ట్‌జైట్. పలకలు పలకలుగా, దిమ్మెలు దిమ్మెలుగా విరగడం దాని స్వభావం, అందుకే లోయ గోడలు ఎవరో పేర్చి కట్టినట్టు కనిపిస్తాయి. మీ కాలికింద బండ కదిలేదీ అందుకే. నిన్న ఊళ్ళో చూసిన నాపరాయి దీనికి పూర్తిగా వేరు, అది సున్నపురాయి. దాని ముచ్చట బెలుం గుహల దగ్గర చెప్పుకుందాం.

6. కోటను నడిచి చూడండి

ఎనిమిది నుంచి పది వరకు కోటకు ఇవ్వండి. ఎక్కువమంది మాధవరాయస్వామి గుడి గోపురం దగ్గర నాలుగు ఫొటోలు దిగి సరిపెడతారు. వరసగా నడిస్తే కోట కథ అర్థమవుతుంది.

తొలుత 12వ శతాబ్దంలో ఇక్కడ మట్టికోట ఉండేదని స్థానిక కైఫీయత్తులు, అంటే ఊళ్ళ చరిత్ర రాసిపెట్టిన పాత రికార్డులు, చెబుతాయి. ఇప్పుడు మనం చూసే రాతికోట విజయనగర సామంతులైన పెమ్మసాని నాయకుల కాలంలో బలపడింది. మూడు వైపుల లోతైన లోయ, కొండవాలు ఉండగా ప్రకృతే సగం కోట కట్టిపెట్టింది. నాయకులు మిగతా సగం కట్టారు. 1650ల మొదట్లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. వజ్రాల వ్యాపారి తవెర్నియే 1652లో ఇక్కడికొచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. ఆ ఫ్రెంచి వర్తకుడు విలువైన ముత్యాలతో ఎక్కిన కొండకు మనం చిప్స్ పాకెట్లతో వెళ్తున్నాం, అదీ తేడా.

లోపలికి వచ్చే సింహద్వారం దగ్గర బండి దిగి, దారి ఎలా మలుపులు తిరుగుతుందో చూడండి. ఏనుగులు పరుగున వచ్చి తలుపును ఢీకొనకుండా అలా కట్టారు. తర్వాత ఊరు వస్తుంది. కోటలో ఇప్పటికీ ఇళ్ళున్నాయి, గేదెలున్నాయి, బడికి వెళ్ళే పిల్లలున్నారు. ఆ ఇళ్ళ ముందు నిలబడి అడగకుండా ఫొటోలు తీయకండి. "యాడ నుంచి వచ్చినారు?" అని ఎవరైనా పలకరిస్తే రెండు నిమిషాలు ఆగి మాట్లాడండి. ఏ దారి మూసేశారు, ఎక్కడ తేనెటీగలున్నాయి, ఎవరింట్లో భోజనం వండిపెడతారు లాంటివన్నీ అక్కడే తెలుస్తాయి.

ఊరు దాటుతుండగా ఇక్కడివాళ్ళు చార్మినార్ అనే చిన్న పావురాల గోపురం, పాత జైలు కనిపిస్తాయి. ముందుకు పోతే జామియా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం. నాకు ఈ కోటలో అన్నిటికంటే ఇష్టమైనది ఆ ధాన్యాగారమే. అలంకారం ఏమీ లేని కట్టడం, ఎత్తైన కమాను పైకప్పు, లోపల చల్లదనం. ముట్టడి వచ్చినప్పుడు నెలల తరబడి మనుషుల్ని బతికించేది ఫిరంగి కాదు, ఇలాంటి గది. పక్కనే కత్తుల కోనేరు, దానికవతల మాధవరాయస్వామి గుడి. ఆ గోపురం లోపలి గోడల మీద, మండప స్తంభాల మీద శిల్పాలు దగ్గరగా చూడండి. రంగనాథస్వామి గుడి లోయ వైపు ఉంటుంది. రాయలచెరువు దాకా నడిచే ఓపిక ఉంటే వెళ్ళండి, లేకపోతే సాయంత్రానికి వాయిదా వేయండి.

ఇవన్నీ పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు. గోడల మీద పేర్లు గీకడం నేరం. డ్రోన్ ఎగరేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, "ఒక్క షాట్ సార్" అంటే కుదరదు. కోతులున్నాయి కాబట్టి తినేవి బ్యాగులోనే ఉండాలి.

పది దాటాక దిగిపోండి. ఊళ్ళో ఇంకా టిఫిన్ దొరికే వేళే.

7. తిండి విషయం

పొద్దున టిఫిన్‌కు ఉగ్గాని, మిరపకాయ బజ్జి. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, పుట్నాల పొడి వేసి కలిపే ఉగ్గాని పక్కన బజ్జి లేకపోతే ఇక్కడ లెక్కలోకి రాదు. కారం దోశ తినాలంటే ఎర్రకారం ఎంత రాయాలో ముందే చెప్పండి. "మామూలుగా వెయ్యన్నా" అంటే సీమ మామూలు వేస్తారు, కోస్తా కడుపులు తట్టుకోవు.

మధ్యాహ్నమో రాత్రో రాగి సంగటి, నాటుకోడి పులుసు. సంగటి నమలకూడదు, పులుసులో ముంచి మింగాలి. కోడి వండటానికి టైము పడుతుంది కాబట్టి గండికోటలో ఊరివాళ్ళ చేత వండించుకోవాలంటే పొద్దునే చెప్పి వెళ్ళండి. శాకాహారులు సంగటిలోకి చెనిక్కాయల పచ్చడి, గోంగూర పప్పు అడగండి. పండగ రోజుల్లో వెళ్తే ఓళిగలు (బొబ్బట్లు), అలసంద వడలు దొరకొచ్చు.

8. నీళ్ళ మీదికి దిగాలంటే

లోయలో కయాకింగ్ చేయించేవాళ్ళు, బండల మీద తాళ్ళతో దిగే ర్యాపెలింగ్ నేర్పేవాళ్ళు ఉన్నారు. సీజన్‌ను బట్టి, నీటిమట్టాన్ని బట్టి ఇవి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కాబట్టి వీటికోసమే వెళ్తుంటే ముందు ఫోన్ చేసి నిర్ధారించుకోండి. డబ్బు కట్టే ముందు మూడు విషయాలు చూడండి. లైఫ్ జాకెట్ మీ కొలతకు సరిపోతోందా? దాని బకిల్స్ అన్నీ పడుతున్నాయా? మీతోపాటు నీళ్ళలోకి వచ్చే మనిషి ఉన్నాడా, లేక ఒడ్డున నిలబడి చేయి ఊపే మనిషేనా? మూడోదానికి జవాబు నచ్చకపోతే వెనక్కి వచ్చేయండి. జాకెట్ లేకుండా ఈత కొట్టడం ఎంత గజ ఈతగాడికైనా తగదు. ఒడ్డు నిటారుగా ఉండే రాయి, పట్టుకుని పైకెక్కడానికి ఆసరా ఉండదు.

అంత సాహసం వద్దనుకుంటే మైలవరం డ్యామ్‌కు వెళ్ళండి. సాయంత్రం కట్ట మీద నుంచి నీళ్ళు చూస్తూ గాలి పీల్చుకోవచ్చు. పిల్లలతో వచ్చినవాళ్ళకు లోయ అంచు కంటే ఇదే మంచి చోటు.

9. టెంటు వేయాలా?

ఒక రాత్రి వేయొచ్చు, రెండో రాత్రి ఊళ్ళో పడుకోండి. సొంత టెంటు తెచ్చుకుంటే లోయ అంచుకు దూరంగా, అనుమతి ఉన్నచోటే వేయండి. గాలి బలంగా ఉంటుంది, నేల రాయి కావడం వల్ల మేకులు దిగవు. తాళ్ళను బండలకు కట్టాలి. బూట్లు టెంటు లోపల పెట్టుకోండి, పొద్దున వేసుకునే ముందు దులపండి, తేళ్ళు ఉండే చోటు ఇది. రాత్రి బయటికి వెళ్ళాల్సి వస్తే ఒంటరిగా వెళ్ళొద్దు, టార్చి లేకుండా అసలు వెళ్ళొద్దు. చీకట్లో అంచు ఎక్కడుందో తెలియదు.

ఆడవాళ్ళు ఉన్న బృందాలు టెంటు తీసుకునే ముందు టాయిలెట్ ఎంత దూరంలో ఉంది, రాత్రంతా లైటు ఉంటుందా అని అడిగి, వెళ్ళి చూసి తీసుకోండి. "ఉందమ్మా" అన్న మాట మీద ఆధారపడకండి. మందు తాగి పాటలు పెట్టే గుంపు పక్కన టెంటు ఇస్తే మార్చమని అడగడానికి మొహమాటపడొద్దు. కోట రాయి మీద మంట పెట్టడం, సీసాలు పగలగొట్టడం చూసినప్పుడు నాకు వచ్చే కోపం ఇక్కడ రాయను.

10. రెండో రోజు: ఒకటి ఎంచుకోండి, అన్నీ కాదు

బెలుం గుహలు చాలామంది ఎంపిక. కొలిమిగుండ్ల దగ్గర, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్నాయి. జమ్మలమడుగు నుంచి గంటన్నర వేసుకోండి. మొత్తం 3,229 మీటర్ల పొడవున్న ఈ గుహల్లో సుమారు కిలోమీటరున్నర సందర్శకులకు తెరిచారు, 2002 నుంచి. భూమి పైన ఎర్రటి క్వార్ట్‌జైట్‌ను నది కోస్తే గండికోట లోయ వచ్చింది. ఇక్కడ భూమి కింద నల్ల సున్నపురాయిని నీళ్ళు కరిగిస్తే గుహలు వచ్చాయి. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. వందేళ్ళ తర్వాత, 1982-83లో డేనియల్ గెబవర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలంతా తిరిగి కొలిచింది. కోటిలింగాలు, సప్తస్వరాల గుహ చూసి పాతాళగంగ దాకా దిగండి. లోపల ఉక్క విపరీతం, ఒళ్ళంతా చెమట పడుతుంది. పల్చటి నూలు బట్టలు వేసుకోండి. ఆయాసం, బీపీ ఉన్నవాళ్ళు లోపలి ఇరుకు దారుల్లోకి వెళ్ళే ముందు ఆలోచించుకోండి. మధ్యాహ్నం ఎండ తప్పించుకోవడానికి గుహ మంచి ఉపాయం, కాబట్టి పదకొండు – రెండు మధ్య అక్కడ ఉండేలా చూసుకోండి.

అనంతపురం వైపు తిరిగి వెళ్ళేవాళ్ళు బెలుం బదులు తాడిపత్రి ఎంచుకోవచ్చు. అక్కడ కూడా పెన్న ఒడ్డే. బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి, చింతల వెంకటరమణస్వామి గుడి కట్టించింది గండికోట పెమ్మసాని నాయకులే. కోటలో వాళ్ళ బలం చూస్తారు, తాడిపత్రిలో వాళ్ళ అభిరుచి చూస్తారు. శిల్పం మీద ఇష్టం ఉన్నవాళ్ళకు నేనైతే దీన్నే ముందు చెబుతాను.

చరిత్ర మీద ఆసక్తి ఉండి, జనం లేనిచోటు కావాలంటే రెండు ఊళ్ళున్నాయి. జమ్మలమడుగు దగ్గరే పెన్న ఒడ్డున దానవులపాడు, రాష్ట్రకూటుల నాటి జైన క్షేత్రం. ఇసుక కింద కూరుకుపోయిన దీన్ని 1903లో తవ్వి బయటపెట్టారు. రెండోది ఎర్రగుంట్ల మండలం కలమళ్ళ. రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు దారి చూపిస్తాయి. ఇప్పటిదాకా దొరికినవాటిలో తొలి తెలుగు శాసనంగా చెప్పేది ఈ ఊరిదే. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి కాలం నాటిది, క్రీ.శ. 575 ప్రాంతం. టికెట్టు కౌంటరు, గైడు లాంటివి వెతక్కండి. గుడి దగ్గర ఎవరైనా పెద్దాయన కనిపిస్తే "తాతా, శాసనం రాయి యాడుంది?" అని అడగండి.

రెండో రోజు సాయంత్రం మళ్ళీ కోటకు వెళ్ళండి. పొద్దున చూసిన గోడలకు అప్పుడు వెలుగు అటువైపు నుంచి పడుతుంది. రాయలచెరువు మిగిలి ఉంటే అప్పుడు చూడొచ్చు. చీకటి పడకముందే బండల మీద నుంచి వెనక్కి వచ్చేయండి, సూర్యుడు మునిగాక కాసేపటికే దారి కనపడదు.

11. తిరుగు ప్రయాణం

రాత్రి రైలు ముద్దనూరులో ఎక్కాలంటే జమ్మలమడుగు నుంచి కనీసం గంటన్నర ముందు బయల్దేరండి. రాత్రయ్యేకొద్దీ బస్సులు పల్చబడతాయి, ఆటో అయితే రేటు పెరుగుతుంది. ప్రొద్దుటూరులో షాపింగ్ ఉందని ఇంట్లోవాళ్ళు అంటే దానికి సగం రోజు విడిగా పెట్టుకోండి, నగల దుకాణంలో గంటలో పని తెమలదు. రాత్రి భోజనం జమ్మలమడుగులోనే పార్శిల్ కట్టించుకోండి, చిన్న స్టేషన్లలో ఆ వేళకు బిస్కెట్లు దొరికినా గొప్పే. సంగటి మాత్రం పార్శిల్ చేయించకండి, చల్లారితే గట్టిపడి మింగుడు పడదు.